ఆపరేషన్ తేదీ లోపు కండ కరగకుండా చూసుకోవడం: క్యాన్సర్ రోగి ఇంటివాళ్ళ కోసం

నేను క్యాన్సర్ సర్జరీ వార్డులో డైటీషియన్‌గా పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చే ఇంటివాళ్ళ చేతిలో ఫైలు లావుగా ఉంటుంది. స్కాన్‌లు, బయాప్సీ, రక్తపరీక్షలు అన్నీ తేదీల వారీగా అమర్చి ఉంటాయి. "జబ్బుకి ముందు ఆయన బరువు ఎంత ఉండేది?" అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ ఒక్క అంకె ఫైలులో ఉండదు. నేను మొదట చూసేది అదే.

జబ్బు బయటపడ్డ రోజుకీ ఆపరేషన్ రోజుకీ మధ్య కొన్ని వారాలు ఉంటాయి. ముందు కీమో ఇస్తే నెలలు కూడా పట్టవచ్చు. ఆ కాలమంతా పరీక్షల చుట్టూ తిరగడంలో, టెన్షన్ పడడంలో గడిచిపోతుంది. రోగి కండ మాత్రం రోజూ కొంచెం కొంచెం కరుగుతూ ఉంటుంది. ఆ నష్టాన్ని ఆపరేషన్ అయ్యాక పూడ్చడం చాలా కష్టం, ముందే ఆపడం కొంత తేలిక. ఆ పని ఇంట్లో ఎలా మొదలుపెట్టాలో, ఎప్పుడు డాక్టర్ల మీద వదిలేయాలో చెబుతాను.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు, లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్ళకి నేనిచ్చే ప్రోటీన్, క్యాలరీ లెక్కలు మారతాయి. వాళ్ళు తమ డాక్టర్‌ని అడగకుండా ఇవి మొదలుపెట్టకూడదు.

ముందు బరువు లెక్క

ఆరు నెలల కిందటి బరువు కావాలి. ఎక్కడా రాసుకోకపోయినా పాత మందుల చీటీ మీదో, ఏదో హెల్త్ చెకప్ కాగితం మీదో దొరుకుతుంది. అందులోంచి ఇప్పటి బరువు తీసేసి, వచ్చినదాన్ని పాత బరువుతో భాగించి, వందతో గుణించండి. అప్పుడు 68 కిలోలు, ఇప్పుడు 61 అయితే 7 కిలోలు తగ్గినట్టు. అంటే 10 శాతం పైనే.

ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో 5 శాతం దాటి తగ్గితే డైటీషియన్‌ని కలవాలి. 10 శాతం దాటితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా సర్జన్‌కి చెప్పాలి. యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్ మార్గదర్శకాల ప్రకారం ఆరు నెలల్లో 10 నుంచి 15 శాతం మించి తగ్గినవాళ్ళు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్ళు పెద్ద ఆపరేషన్‌కి తీవ్రమైన రిస్క్ ఉన్నవాళ్ళే. అలాంటివాళ్ళకి ముందు 7 నుంచి 14 రోజులు పోషణ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేయమని, అందుకోసం క్యాన్సర్ ఆపరేషన్ కాస్త వాయిదా పడినా ఫర్వాలేదని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది వినగానే ఇంటివాళ్ళు హడలిపోతారు. "ఈలోపు గడ్డ పెరిగిపోదా?" అంటారు. భయం సహజమే. రక్తస్రావం, పేగు మూసుకుపోవడం లాంటి అత్యవసరాలు వేరు, వాటికి ఆగడం ఉండదు. మిగతా చోట్ల బలం పుంజుకోవడానికి తీసుకున్న ఆ కొన్ని రోజులు వృథా కావు. నిర్ణయం సర్జన్‌దే. ఆ నిర్ణయానికి కావలసిన బరువు అంకె మాత్రం మీ దగ్గర్నుంచే రావాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1936లోనే హైరమ్ స్టడ్లీ అనే అమెరికన్ సర్జన్ పెప్టిక్ అల్సర్ (కడుపులో పుండు) ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళ లెక్కలు ప్రచురించాడు. ముందే 20 శాతం పైగా బరువు తగ్గినవాళ్ళలో మూడోవంతు మంది చనిపోయారు. మిగతావాళ్ళలో ఆ సంఖ్య 3.5 శాతం. ఆపరేషన్లు అప్పటికీ ఇప్పటికీ ఎంతో మారాయి, నిజమే. బరువు గురించి అడిగే అలవాటు మాత్రం ఇంకా అన్నిచోట్లా రాలేదు.

బరువు మిషన్‌ని పూర్తిగా నమ్మకండి

కాళ్ళకి నీరు పట్టినా, పొట్టలో నీరు చేరినా మిషన్ మీద అంకె నిలకడగానే కనిపిస్తుంది, లోపల కండ తగ్గిపోతూ ఉంటుంది. లావుగా ఉన్నవాళ్ళ విషయం ఇంకా మోసం. "ఆయనకేం, ఒంట్లో బోలెడు ఉంది" అంటారు. ఆ ఉన్నది కొవ్వు కావచ్చు. కొవ్వు కింద కండ పలచబడ్డవాళ్ళు ఆపరేషన్ తర్వాత చాలా ఇబ్బంది పడతారు, వాళ్ళని చూసి ఎవరికీ అనుమానం రాదు. సీటీ స్కాన్‌లో నడుము దగ్గరి మూడో వెన్నుపూస ఎత్తులో కండ ఎంత ఉందో కొలిచే పద్ధతి ఉంది. మీ రోగికి స్కాన్ ఎలాగూ తీసే ఉంటారు కాబట్టి, అందులో కండ ఎలా కనిపిస్తోందని సర్జన్‌ని అడగండి.

ఇంట్లో చేసుకోగలిగినవి కూడా ఉన్నాయి. కణతల దగ్గర గుంట పడిందా, మెడ కింద ఎముక పొడుచుకొచ్చిందా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే మెత్తటి కండ లోపలికి పోయిందా చూడండి. ఉంగరం జారుతోందా? కట్టుడు పళ్ళు వదులయ్యాయా? ఈ చివరిదాన్ని నేను తప్పకుండా అడుగుతాను. పళ్ళు వదులైతే నమలడం కష్టమై మెత్తటివి మాత్రమే తింటారు, దాంతో ప్రోటీన్ ఇంకా తగ్గుతుంది.

పిక్కని దాని అతి లావైన చోట టేపుతో కొలవండి. ఆసియా నిపుణులు 2019లో పెట్టుకున్న హద్దుల ప్రకారం మగవాళ్ళలో 34 సెంటీమీటర్ల కంటే, ఆడవాళ్ళలో 33 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. కాళ్ళకి నీరు పట్టి ఉంటే ఈ కొలత పనికిరాదు. ఇంకో పరీక్ష నాకు బాగా ఇష్టం. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడి సెకన్లు లెక్కపెట్టండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ళ బలం తగ్గినట్టే. ఆ అంకె రాసిపెట్టుకోండి, వారం వారం మళ్ళీ చూడండి.

కండ ఎందుకు పోతుంది

తిండి తగ్గడం ఒక కారణం. రెండోది క్యాన్సర్ ఒంట్లో రేపే వాపు స్వభావం, అంటే ఇన్‌ఫ్లమేషన్, పైకి కనిపించే వాపు కాదు. దానివల్ల ఆకలి చచ్చిపోతుంది, కండ కరగడం పెరుగుతుంది, తిన్నది కూడా పూర్తిగా ఒంటబట్టదు. దీన్ని కాకెక్సియా అంటారు. మామూలు ఆహారం పెంచినంత మాత్రాన ఇది పూర్తిగా వెనక్కి తిరగదు. అందుకే పోషణ, కదలిక, జబ్బుకి చికిత్స మూడూ కలిసి నడవాలి.

మూడోది పడక. "రెస్ట్ తీసుకో" అని మనం ప్రేమగా చెప్పే మాట చేసే హాని తక్కువేమీ కాదు. ఏ జబ్బూ లేని పెద్దవయసువాళ్ళని 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. ఆ కొద్ది రోజుల్లోనే వాళ్ళ కాళ్ళలో దాదాపు కిలో కండ పోయింది. క్యాన్సర్ ఉన్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

ఆపరేషన్ తర్వాత గాయం మానడానికి, ఇన్ఫెక్షన్‌తో పోరాడడానికి కావలసిన అమైనో ఆమ్లాలని (ప్రోటీన్ తయారయ్యే ముక్కలని) శరీరం కండలోంచే తీసుకుంటుంది. గట్టిగా దగ్గి కఫం బయటికి తెచ్చేది కూడా కండే. అది లేనివాళ్ళకి కుట్లు ఆలస్యంగా మానతాయి, న్యుమోనియా భయం పెరుగుతుంది, మంచం దిగడం ఆలస్యమవుతుంది.

ప్లేటులో ఏముండాలి

రోజుకి కిలో బరువుకి 25 నుంచి 30 క్యాలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ లక్ష్యంగా పెట్టుకోండి. 60 కిలోల మనిషికి 1500 నుంచి 1800 క్యాలరీలు, 72 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. క్యాలరీలు ఎలాగోలా చేరతాయి, తప్పిపోయేది ఎప్పుడూ ప్రోటీనే.

లెక్క ఇలా వేసుకోండి. ఒక గుడ్డులో 6 గ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలలో 6 నుంచి 7. వంద గ్రాముల పెరుగులో 3 నుంచి 4. వండిన చికెన్ గానీ చేప గానీ వంద గ్రాములకి 20 నుంచి 25, చికెన్‌లో ఇంకొంచెం ఎక్కువే. ఏ పప్పయినా ఉడకకముందు వంద గ్రాములకి 22 నుంచి 24. ఎండు సోయా ముక్కల్లో 50 దాకా ఉంటుంది కాబట్టి మాంసాహారం తిననివాళ్ళకి అవి మంచి ఆసరా. ఉదయం రెండు గుడ్లు, గ్లాసు పాలు. మధ్యలో రెండు చెంచాల పాలపొడి కలిపిన ఇంకో గ్లాసు పాలు. మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు. సాయంత్రం గుప్పెడు వేరుశనగలు. రాత్రి చేపో, చికెనో, సోయానో. ఇలా అయితే 75 గ్రాముల దాకా చేరుతుంది, ధాన్యాల్లో వచ్చేది దానికి అదనం.

పప్పు మీద తేట, పలచటి సూపు, పళ్ళరసం రోగికి "తేలిగ్గా ఉంటాయి" అని పోస్తుంటారు. తేలిగ్గానే ఉంటాయి, వాటిలో ప్రోటీన్ దాదాపు ఉండదు కాబట్టి. అరగ్లాసు తేటతో కడుపు నిండితే పప్పుకి చోటుండదు. పలచగా ఉన్నదాన్ని చిక్కగా చేయండి: పాలపొడి, మెత్తగా నూరిన గింజల పొడి, గుడ్డు, కాస్త నూనె.

ప్రోటీన్ మొత్తం రాత్రి భోజనంలోనే పెట్టేయకండి. పెద్దవయసువాళ్ళ కండకి ఒక్కో పూట 25 నుంచి 30 గ్రాములు అందితేనే కొత్త కండ కట్టే పని బాగా సాగుతుంది. చాలామందికి పొద్దున ఆకలి నయంగా ఉంటుంది, సాయంత్రానికి పోతుంది. కాబట్టి బలమైనది పొద్దునే పెట్టండి. ప్రతి పూటా మొదటి ముద్దలు ప్రోటీన్ ఉన్నవే కావాలి. నీళ్ళు భోజనం మధ్యలో కాకుండా విడిగా ఇవ్వండి. తిండితో లక్ష్యం చేరకపోతే డైటీషియన్ రాసే పోషక పానీయాలు ఉంటాయి. మిల్లీలీటరుకి 1.5 క్యాలరీలుండే రకం 200 మిల్లీలీటర్ల సీసాలో 300 క్యాలరీలు దొరుకుతాయి. వాటిని భోజనానికి బదులుగా కాకుండా, రెండు భోజనాల మధ్య, చల్లగా, చిన్న గుక్కలతో గంటసేపు తాగించాలి. ఒక్కసారి గడగడా తాగిస్తే కడుపుబ్బరం వచ్చి మర్నాడు సీసా చూస్తేనే మొహం తిప్పుకుంటారు.

ఇంకో మాట, ఇది ఇంటివాళ్ళకే. ఆకలి లేకపోవడం రోగి మొండితనం కాదు, జబ్బు చేసే పని. భోజనం దగ్గర బతిమాలడం, కోప్పడడం, కన్నీళ్ళు పెట్టుకోవడం నేను రోజూ చూస్తాను. ఆ గొడవ తర్వాత రోగి తినేది ఇంకా తగ్గుతుంది. చిన్న గిన్నెలో కొంచెం పెట్టి, పక్కన కూర్చుని మీరూ తినండి. మిగిల్చినదాన్ని గురించి ఏమీ అనకండి. రెండు గంటలాగి మళ్ళీ కొంచెం పెట్టండి.

అడ్డం ఎక్కడుందో వెతకండి

"తినడం లేదు" అని డాక్టర్‌కి చెబితే సరిపోదు, ఎందుకు తినడం లేదో చెప్పాలి. నొప్పి ఉంటే తినలేరు. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తే కూడా తినలేరు, విరేచనం సాఫీగా అయ్యే మందు అడిగితే ఆకలి తిరిగొస్తుంది. నోటిపూత, వికారం, నోరు ఎండిపోవడం, వీటన్నిటికీ మందులున్నాయి. నోట్లో ఇనుము రుచి వస్తుంటే చల్లటి పదార్థాలు, చెక్క చెంచా ప్రయత్నించండి. విరేచనం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ, దుర్వాసనతో ఉంటే పాంక్రియాస్ గ్రంథి నుంచి వచ్చే, తిండిని అరిగించే ఎంజైములు తక్కువ కావచ్చు. అప్పుడు ఎంత తినిపించినా పోతూనే ఉంటుంది. ఆ ఎంజైములు క్యాప్సూల్ రూపంలో భోజనంతో పాటు ఇస్తారు. మింగేటప్పుడు దగ్గు వచ్చినా, ముద్ద అడ్డుపడుతున్నట్టున్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు, వెంటనే చెప్పండి.

పరగడుపు రోజులు

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒక రోజు ఎండోస్కోపీకి పరగడుపు, ఇంకో రోజు స్కాన్‌కి, మరో రోజు మత్తు ఇచ్చి బయాప్సీకి. పరీక్ష పదింటికి అంటారు, మధ్యాహ్నం రెండింటికి అవుతుంది. బయటికొచ్చాక ఆకలి చచ్చిపోయి ఉంటుంది, ప్రయాణం చేసి ఇల్లు చేరేసరికి రాత్రి. ఇలా రోజులకి రోజులే పోతాయి. పరీక్ష అయిన వెంటనే తాగేలా పోషక పానీయం సంచిలో పెట్టుకెళ్ళండి. వీలైతే ఉదయం మొదటి స్లాట్ అడగండి. రెండు పరీక్షలు ఒకే పరగడుపులో అయ్యేలా ఉంటే అదీ అడగండి.

ఆపరేషన్ ముందు రోజు సంగతీ ఇంతే. "రాత్రి నుంచి ఏమీ ముట్టకూడదు" అన్నది పాత పద్ధతి. ఇప్పటి మార్గదర్శకాల్లో చాలామందికి మత్తుకి 6 గంటల ముందు వరకు ఘనాహారం, 2 గంటల ముందు వరకు నీళ్ళలా తేటగా ఉండే ద్రవాలు ఫర్వాలేదు. కొన్ని ఆసుపత్రుల్లో పిండిపదార్థం కలిపిన ప్రత్యేక పానీయం కూడా ఇస్తారు. పేగు మూసుకుపోయినవాళ్ళకి, కడుపు మెల్లగా ఖాళీ అయ్యేవాళ్ళకి ఇవి వర్తించవు. కాబట్టి మీ రోగికి ఏ గంట దాకా ఏం ఇవ్వొచ్చో మత్తు డాక్టర్‌నే అడిగి కాగితం మీద రాయించుకోండి.

మూడు మాటలు నేను రోజూ వింటాను

"చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందట" అని అన్నీ మానిపించేవాళ్ళు ఉన్నారు. ఒంట్లో ప్రతి కణానికీ గ్లూకోజ్ కావాలి. తిండి ఆపితే శరీరం కండని విరిచి గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది. గడ్డకి అందేది అందుతూనే ఉంటుంది, పోయేది రోగి కండ. బరువు తగ్గుతున్న మనిషితో ఉపవాసాలు, కఠినమైన పథ్యాలు చేయించకండి. షుగర్ జబ్బు ఉంటే దాని నియంత్రణ వేరే విషయం, అది తప్పదు.

"బలానికి ఒక సెలైన్ పెట్టండి." 5 శాతం డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) అర లీటరు సీసాలో ఉండేది 85 క్యాలరీలు, ప్రోటీన్ సున్నా. మామూలు సెలైన్‌లో అవి కూడా లేవు. నీరు తగ్గినప్పుడు అది అవసరమే, కానీ తిండికి బదులు కాదు.

"ఆల్బుమిన్ తక్కువుంది, రోజూ గుడ్డు తెల్లసొన పెడుతున్నాం." పెట్టండి, మంచిదే. ఆల్బుమిన్ రక్తంలో ఉండే ఒక ప్రోటీన్, అది తగ్గడానికి పైన చెప్పిన ఇన్‌ఫ్లమేషన్ కూడా పెద్ద కారణం, కాబట్టి తెల్లసొనతో ఆ అంకె వారంలో పెరగకపోతే నిరాశపడకండి. పచ్చసొన పారేయడం మాత్రం నాకు అర్థం కాదు, క్యాలరీల్లో ఎక్కువ భాగం అందులోనే ఉంటాయి.

పైపు ఎప్పుడు

వారం పైగా ఏమీ తినలేకపోయినా, ఒకటి రెండు వారాలుగా అవసరంలో 60 శాతం కూడా పడకపోయినా పైపు గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. ముక్కులోంచి సన్నటి పైపు వేయొచ్చు, అవసరమైతే పొట్టకో పేగుకో నేరుగా పెట్టొచ్చు. పేగు పనిచేయనప్పుడే నరం ద్వారా పోషణ ఎక్కిస్తారు. పైపు అనగానే "ఇక అయిపోయినట్టేనా?" అని అడుగుతారు. నిజానికి మనిషిని ఆపరేషన్‌కి సిద్ధం చేయడానికే అది వేస్తారు, పని అయ్యాక తీసేస్తారు.

చాలా రోజులు తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం మాత్రం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అలాంటివాళ్ళకి పోషణ ఆసుపత్రిలో, రక్తపరీక్షలు చూసుకుంటూ, థయమిన్ (విటమిన్ బి1) ఇస్తూ మెల్లగా పెంచాలి. అర్జినిన్ అనే అమైనో ఆమ్లం, ఒమేగా-3 కొవ్వులు కలిసిన ప్రత్యేక పోషకాలని పోషణ తగ్గినవాళ్ళకి పెద్ద ఆపరేషన్ చుట్టూ 5 నుంచి 7 రోజులు వాడే పద్ధతి ఉంది. అది మీ రోగికి అవసరమో కాదో టీమ్ చెప్పాలి. మూలికలు, పొడులు ఏవి వాడుతున్నా మత్తు డాక్టర్‌కి దాచకండి. కొన్నింటివల్ల రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది.

కాళ్ళకి పని

కదలిక లేకుండా ప్రోటీన్ ఒక్కటే ఇస్తే కండ పెద్దగా కట్టదు. ఆపరేషన్‌కి ముందే వ్యాయామం, ప్రోటీన్ ఆహారం, ఆందోళన తగ్గించడం మూడూ కలిపి నడిపే పద్ధతిని మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సెస్కో కార్లీ బృందం పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో బాగా ముందుకు తీసుకెళ్ళింది. దాన్ని ప్రీహాబిలిటేషన్ అంటారు. ఇంట్లో దానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, రోజుకి రెండు మూడు విడతలు. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. మాట్లాడగలిగేంత వేగంతో నడక, రోజూ కాస్త పెంచుతూ. తర్వాత ఒక గ్లాసు పాలో, రెండు గుడ్లో. సిగరెట్ ఇవాళే మానిపించండి.

ఎముకలకి క్యాన్సర్ పాకినవాళ్ళు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్ళు, గుండె జబ్బున్నవాళ్ళు ఫిజియోథెరపిస్ట్ చెప్పాకే మొదలుపెట్టాలి. ఛాతీ నొప్పి, తల తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం వస్తే ఆపేసి డాక్టర్‌కి చెప్పండి.

ఆపరేషన్ అయ్యాక

సర్జన్ అనుమతిస్తే అదే రోజో మర్నాడో కూర్చోబెట్టి, నడిపించి, నోటితో మొదలుపెట్టిస్తారు. కుట్లు తెగుతాయని భయపడి మీరు మళ్ళీ పడుకోబెట్టకండి. నొప్పి మందు వేళకి అందేలా చూడండి, నొప్పి ఉంటే దగ్గలేరు, నడవలేరు, తినలేరు.

అసలు జారిపోయేది ఇంటికొచ్చాకే. ఆసుపత్రిలో ట్రే వస్తుంది, నర్సు అడుగుతుంది. ఇంట్లో "పాపం, తినలేకపోతున్నాడు" అని వదిలేస్తారు. మొదటి కొన్ని వారాలు ఆపరేషన్ ముందు లెక్కే కొనసాగించండి. కడుపు తీసేసినవాళ్ళు రోజుకి ఆరు చిన్న భోజనాలు చేయాలి, తీపి పానీయాలు ఒక్కసారిగా తాగకూడదు. తాగితే చెమటలు, గుండెదడ, విరేచనాలు వస్తాయి. కడుపు పూర్తిగా తీసేస్తే బి12 జీవితాంతం అవసరమవుతుంది. అది ఎప్పుడు మొదలుపెడతారో డిశ్చార్జి రోజే అడగండి.

వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున్నే బాత్రూముకి వెళ్ళొచ్చాక బరువు చూసి కుర్చీ సెకన్ల పక్కన రాయండి. వరుసగా రెండు వారాలు తగ్గితే రివ్యూ తేదీ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. తర్వాత కీమో ఉంటే మొదటి రోజు ఆ కాగితాన్ని ఫైలులో అన్నిటికంటే పైన పెట్టి డాక్టర్ చేతికివ్వండి. కీమో డోసు లెక్కకి ఇప్పటి బరువే కావాలి.